తెగని ధార

ఆదివారం పొద్దున పదకొండు గంటలకి గ్లాస్గో దక్షిణపు పేటలోని ఆ చిన్న యూదుల సమాజమందిరంలో కార్యవర్గం సమావేశమైంది. వంటగదిని ఆనుకుని ఉన్న ఇరుకు గది అది. పొడవాటి బల్ల మీద టీ కెటిల్, ఉల్లిపాయ చక్రాలతో ఊరేసిన చేపముక్కలు, ఉప్పు బిస్కెట్లు ఉన్నాయి. చుట్టూ పదకొండు మంది పెద్దలు కూర్చున్నారు. వాళ్ళందరిలోకీ చిన్నవాడు అధ్యక్షుడు లెస్లీ గెర్బర్. ఆయనకి అరవై ఎనిమిది. కళ్ళద్దాల దుకాణం నడిపి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ చూపు పరీక్షిస్తున్నట్టు తల వంచి చూస్తాడు.

చర్చించాల్సిన విషయాల్లో నాలుగోది ఎప్పుడూ ఒకటే. యువతరం ఎందుకు రావడం లేదు? పదిహేనేళ్ళుగా వాళ్ళు దీని గురించే మథనపడుతున్నారు. మథనం పూర్తయ్యేసరికి చేపముక్కలు కూడా పూర్తవుతాయి.

"ఈ కాలం పిల్లలకి ఫోనే ధర్మశాస్త్రం," అన్నాడు లెస్లీ.

"మావాడు ఈ గుమ్మం తొక్కి రెండేళ్ళయింది. పండక్కి రారా అంటే ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటాడు," అంది ఒకావిడ.

"మన రోజుల్లో ఎవరైనా పిలిచారా? మనమే వచ్చి పడేవాళ్ళం."

అందరూ తలలూపారు. సరిగ్గా అప్పుడే గోడకి అవతల, వంటగదిలో, కత్తులు టకటకలాడుతున్నాయి. ఇరవై, ముప్పై ఏళ్ళ మధ్యనున్న ఎనిమిది మంది యువతీయువకులు క్యారెట్లూ ఉల్లిపాయలూ తరుగుతూ, రెండు పెద్ద గిన్నెల్లో సూప్ కాస్తున్నారు. మధ్యాహ్నానికి దాన్ని డబ్బాల్లో పోసి, ఎదురుగా ఉన్న ఎత్తైన మేడల్లో ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ళకీ, సూడాన్ నుంచి, సిరియా నుంచి వచ్చి తలదాచుకున్న కుటుంబాలకీ ఇచ్చి వస్తారు. మనవాళ్ళా, పైవాళ్ళా అని అడగరు. ఇది మొదలై ఏడాది దాటింది. ఆ చప్పుడు గోడకి ఇవతల కూర్చున్నవాళ్ళకి వినబడుతూనే ఉంది. కాస్త మెల్లిగా తరగమని రెండుసార్లు కబురు కూడా పంపారు. చదివేవారు నవ్వుకోవచ్చు. కానీ ఇలాంటి గోడ తమ మధ్య లేదని గట్టిగా చెప్పగలిగిన సంఘాలు లోకంలో ఎన్ని ఉంటాయి?

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. అవిటల్ లోపలికి తొంగిచూసింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, సైకిళ్ళు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. సూప్ పంచే పిల్లలకి పెద్ద దిక్కు ఆమే. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ అడిగింది.

"లెస్లీ అంకుల్, మాలో ఇద్దరిని కార్యవర్గంలో కూర్చోనిస్తారా అని ఉత్తరం రాశాం కదా. చూశారా?"

"చూద్దాంలేమ్మా. నిదానం మీద చూద్దాం. అన్నట్టు, హాల్లో కుర్చీలు సాయంత్రంలోగా సర్దిపెట్టండి. కిందటివారం రెండు వరసలు వంకరగా ఉన్నాయి."

"అలాగే అంకుల్," అని అవిటల్ తలుపు దగ్గరగా వేసింది.

బల్ల చివర కూర్చున్న ఫ్రీడా గ్లిక్మన్ తన చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుంది. ఆ సంచీలో అవిటల్ రాసిందే మరో ఉత్తరం ఉంది. అలాంటివి ఈ ఏడాదిలో మూడు వచ్చాయి. వాటిని తీసుకున్నది ఫ్రీడా అని అవిటల్‌కి తెలియదు. పైన విలాసం బదులు "పవిత్ర సంఘం బాధ్యులకు" అని రాసి ఆ పిల్ల మందిరం మతగురువు రబ్బీ చేతికిచ్చేది, ఆయన మాట్లాడకుండా ఫ్రీడాకి అందించేవాడు.

పవిత్ర సంఘమంటే మరేమీ లేదు. మనవాళ్ళలో ఎవరైనా కన్నుమూస్తే వాళ్ళకి స్నానం చేయించి, తెల్లటి బట్టలు తొడిగి, సాదా చెక్కపెట్టెలో పడుకోబెట్టేవాళ్ళు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. దానికి జీతం లేదు, మెప్పు లేదు. చేయించుకున్నవాళ్ళు లేచి థాంక్స్ చెప్పలేరు గనక ఇంతకంటే నిజమైన ఉపకారం లేదని పెద్దలు అంటారు. అందుకే ఆ పని చేసేవాళ్ళెవరో బయటికి చెప్పుకోరు. ఫ్రీడా భర్త అలెక్ బతికున్నన్నాళ్ళూ, ఆమె పాతచెప్పులు వేసుకుని బయల్దేరుతుంటే కిటికీలోంచి చూసి, "వానొచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు," అనేవాడు. ఎక్కడికని ఒక్కసారీ అడగలేదు.

ఆడవాళ్ళ వైపు ఒకప్పుడు తొమ్మిది మంది ఉండేవారు. ఇప్పుడు ముగ్గురు. పెద్దరికం డెబ్భై ఎనిమిదేళ్ళ ఫ్రీడాది. డాలీ శాండ్లర్‌కి ఎనభై, మోకాళ్ళు పట్టేశాయి. మూడో మనిషి బెస్సీ, వృద్ధాశ్రమంలో మంచం మీద ఉంది. ఈ పనికి నలుగురైనా కావాలి. కిందటి శీతాకాలం రెండుసార్లు మాంచెస్టర్ నుంచి ఆడవాళ్ళని పిలిపించాల్సి వచ్చింది.

అయినా ఫ్రీడా ఆ ఉత్తరాలకి జవాబు రాయలేదు. పెళ్ళికాని పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదన్నది నియమం. అది ఆమె నోటినుంచి ఎన్నోసార్లు వచ్చిన మాట. ఉత్తరంలో మాత్రం ఒక వాక్యం ఆమెని గుచ్చుతూనే ఉంది. "మా అమ్మమ్మకి ఎవరు చేశారో నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఆమెకి చేసింది నేను ఇంకొకరికి చెయ్యాలని ఉంది."

మంగళవారం మధ్యాహ్నం ఫ్రీడా బెస్సీని చూడ్డానికి వెళ్ళింది. బెస్సీ ఆమెకంటే నాలుగేళ్ళు చిన్న. ఇద్దరూ గోర్బల్స్ పేటలో ఒకే మెట్లదారి చుట్టూ ఉన్న ఇళ్ళలో పుట్టి పెరిగారు. ఆ పేట ఇప్పుడు లేదు. మసిబారిన నాలుగంతస్తుల ఇళ్ళన్నిటినీ ఎప్పుడో కూల్చేశారు. కానీ ఆ ఇద్దరూ కలుసుకుంటే చాలు, అది ఇటుక ఇటుకగా లేచి నిలబడేది.

"రొట్టెలవాడి బట్టీ గుర్తుందా? మర్నాడు పొయ్యి వెలిగించకూడదు గనక శుక్రవారం మధ్యాహ్నమే మనమ్మలు గింజలూ మాంసం కుండల్లో వేసుకుని అక్కడ వరసలో నిలబడేవాళ్ళు," అంది బెస్సీ.

"మా అమ్మ గుర్తుకోసం కుండకి ఎర్రదారం కట్టేది. నువ్వొకసారి ఆ దారం విప్పి మీ కుండకి కట్టావు."

"మీ అమ్మ వంట బాగుండేదే! మాకు మాత్రం సబ్బాతు రోజున మంచి కూడు తినాలని ఉండదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుల్లో ఒక మెట్లదారిలో ఎవరికి జ్వరమొచ్చినా ఎనిమిది ఇళ్ళనుంచి కోడిరసం వచ్చేది. చేపల పీపాల పక్కనుంచి నడుస్తుంటే ఉప్పునీళ్ళ వాసన, దర్జీ దుకాణాల్లోంచి ఇస్త్రీ ఆవిరి, మెట్ల మీద పిల్లల గోల. లేమి ఉండేది, చలి ఉండేది. ఒంటరితనం మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

బెస్సీ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఫ్రీడా, నా పని నువ్వే చెయ్యాలి. మాంచెస్టర్ వాళ్ళకి నన్ను అప్పజెప్పకు. పాపం మంచివాళ్ళే, కానీ నేనెవరో వాళ్ళకేం తెలుసు? నన్ను ఎరిగిన చేతులు కావాలే నాకు."

"ఇప్పుడా మాటలెందుకే?"

"ఇప్పుడు కాకపోతే పెట్టెలో పడుకుని చెప్పనా? మాటివ్వు."

ఫ్రీడా మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు కుడి చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది. ఏడాదిగా ఆ భుజం ఛాతీకి పైన లేవదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గురువారం తెల్లవారుజామున బెస్సీ నిద్రలోనే వెళ్ళిపోయింది.

మనవాళ్ళలో చనిపోయినవాళ్ళని ఆలస్యం చెయ్యకుండా సాగనంపాలి. శుక్రవారం పొద్దు వాలితే సబ్బాతు, అంటే శనివారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది, ఆ రోజున ఖననం ఉండదు. అంటే శుక్రవారం మధ్యాహ్నంలోగా అంతా అయిపోవాలి. ఫ్రీడా మాంచెస్టర్‌కి ఫోన్ చేసింది. దారంతా మంచు పేరుకుపోయింది, ఆదివారం గానీ రాలేమన్నారు వాళ్ళు. ఆమె ఫోన్ పెట్టేసి నేరుగా డాలీ ఇంటికి వెళ్ళింది.

"ఆదివారం దాకా ఉంచేస్తే?" అంది ఫ్రీడా.

"బెస్సీనా? చల్లటి గదిలో, మూడు రోజులు? పైకెళ్ళాక అది నిన్ను బతకనిస్తుందా?" డాలీ మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంది. "ఆ సైకిళ్ళ పిల్లని పిలు. రబ్బీ నాకు చెప్పాడులే ఉత్తరాల సంగతి."

"దానికి పెళ్ళి కాలేదు డాలీ."

"బెస్సీకి అయిందా?"

ఫ్రీడాకి అర్థం కాలేదు.

"అప్పట్లో ఈ పనికి పెద్ద, ముసలి టోబిన్ దొరసాని, మనల్ని లాక్కెళ్ళిన రోజు గుర్తు తెచ్చుకో. బట్టలు కుట్టే వర్క్‌షాపులోకి వచ్చి ఏమంది? 'మీ ముగ్గురూ చేతులు చూపించండి' అంది. చూసి, 'సరే, రండి' అంది. అంతే కదా! ఆ రోజు బెస్సీకి నిండా ఇరవై రెండు లేవు. హ్యారీతో నిశ్చితార్థం కావడానికింకా ఏడాది ఉంది. నీకూ నాకూ పెళ్ళయింది, దానికి కాలేదు. ఎవరైనా అడిగారా?"

ఎదురుగా ఉన్నా ఇన్నాళ్ళూ కళ్ళకి కనబడని విషయమది. ఫ్రీడా కుర్చీలో కూలబడింది. బెస్సీ ఆ రోజు గదిలో ఎలా వణికిందో, వణుకుతూనే దువ్వెన ఎలా పట్టుకుందో ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. బెస్సీ అప్పుడొక చిన్నపిల్ల. తనూ చిన్నదే.

"మరి ఆ నియమం ఎవరు పెట్టారే?"

"నువ్వే పెట్టావు. పెద్దరికం నీ చేతికొచ్చాక. మేమూ ఊరుకున్నాం. మాకు మాత్రం కొత్తవాళ్ళకి నేర్పే ఓపికెక్కడ ఏడిసింది?"

తను ఎందుకు పెట్టిందో ఫ్రీడా చాలాసేపు ఆలోచించింది. చిన్నపిల్లలు తట్టుకోలేరని ఒకసారి, గౌరవంగా ఉండరని ఒకసారి ఎవరెవరికో చెప్పింది. అవి రెండూ అబద్ధాలు కావు. అయితే వాటి అడుగున ఇంకొకటుంది. ఈ పని తన చేతులకి మాత్రమే తెలిసి ఉండటం ఆమెకి ఇష్టం. పేరు బయటికి రాని చోట కూడా మనిషికి అహం ఉంటుంది. పైగా ఎవరికీ కనబడనిది గనక దాన్ని ఎవరూ దిద్దరు.

పదకొండింటికి ఆమె బస్సెక్కి సైకిళ్ళ దుకాణానికి వెళ్ళింది. తలకిందులుగా వేలాడుతున్న ఒక సైకిల్ చక్రం తిప్పుతూ అవిటల్ ఆమెని చూసి నవ్వింది.

"ఫ్రీడా ఆంటీ! సైకిల్ కొంటారా ఏంటి? లేడీస్ సైకిల్ ఉంది, ముందు బుట్ట కూడా ఉంది."

ఫ్రీడా నవ్వలేకపోయింది. సంచీలోంచి మూడు ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టింది. అవిటల్ వాటిని చూసింది, ఆమె మొహం చూసింది. చక్రం తిరగడం ఆగిపోయింది.

"ఇవి మీ దగ్గరున్నాయా?"

"మొదట్నించీ నా దగ్గరే ఉన్నాయి తల్లీ."

"ఒక్కదానికైనా జవాబు రాయాల్సింది ఆంటీ. వద్దనైనా రాయాల్సింది. మా అమ్మమ్మ గురించి నేనేదో అడక్కూడనిది అడిగానేమోనని ఎంత బాధపడ్డానో తెలుసా?" చేతులకి గ్రీజు ఉండటంతో కళ్ళు మోచేత్తో తుడుచుకుంది.

ఫ్రీడా తలుపు వైపు ఒకసారి చూసింది. యాభై ఏళ్ళకి పైగా ఎవరి దగ్గరా అనని మాట అనబోతోంది.

"మీ అమ్మమ్మకి నేనే చేశాను. నేనూ, డాలీ, బెస్సీ, ఇంకొకావిడా."

అవిటల్ చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది. "ఆవిడకి ఎడం భుజం బాగా నొప్పిగా ఉండేది. జాకెట్టు తొడిగినా అరిచేది."

"తెలుసు. మెల్లిగానే పట్టుకున్నాం."

ఆ పిల్ల తల వంచుకుని ఏడ్చింది. ఫ్రీడా ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. మీ అమ్మమ్మని మెల్లిగా పట్టుకున్నామన్న ఒక్కమాట చెప్పడానికి తను ఒక సంవత్సరం తీసుకుంది. ఆ సిగ్గు ఆమెని వదల్లేదు.

"బెస్సీ పోయిందమ్మా. రేపు పొద్దున ఎనిమిదింటికి చెయ్యాలి. నువ్వు కాక ఇంకో ఇద్దరు కావాలి."

"రీనాని, తిర్జాని తీసుకొస్తాను."

"సూప్ చేసే పిల్లలేనా? భయపడరా?"

"భయపడతారు ఆంటీ. కానీ వస్తారు."

శుక్రవారం పొద్దున శ్మశానం పక్కనున్న ఆ చిన్న రాతిగదిలో ఐదుగురు చేతులు కడుక్కుని నిలబడ్డారు. బయట ఇంకా సరిగ్గా తెల్లారలేదు. డాలీ మూల కుర్చీలో కూర్చుని కీర్తనలు చదవడం మొదలుపెట్టింది. బల్ల మీద బెస్సీ తెల్లదుప్పటి కింద ఉంది.

ఫ్రీడా గొంతు తగ్గించి చెప్పింది. "కడిగే చోటు మాత్రమే దుప్పటి తియ్యాలి, వెంటనే కప్పెయ్యాలి. ఆవిడ మీదుగా ఏదీ అందించకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. పనికి సంబంధించని మాట ఒక్కటీ మాట్లాడకూడదు. ఆవిడ వింటోందనుకోండి."

ముగ్గురు పిల్లలూ తలలూపారు. రీనా మొహం పాలిపోయింది. తిర్జా పెదాలు బిగపట్టింది. అవిటల్ నీళ్ళలో మణికట్టు పెట్టి చూసి, ఇంకొంచెం వేడినీళ్ళు కలిపింది. చంటిబిడ్డకి కలిపినట్టు కలిపింది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకి అది తెలిసింది. ఫ్రీడా అది గమనించింది.

వేళ్ళు, గోళ్ళు, జుట్టు, పాదాలు ఒక్కొక్కటీ శుభ్రం చేశారు. గోళ్ళకి ఉన్న గులాబిరంగు తుడుస్తుంటే ఫ్రీడాకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. డెబ్భై నాలుగేళ్ళ వయసులో, వృద్ధాశ్రమం మంచం మీద, బెస్సీ గోళ్ళరంగు వేయించుకుంది.

ఆ తర్వాతది అసలు ఘట్టం. మూడు బకెట్ల నీళ్ళు తల నుంచి పాదాల దాకా ధారగా పోయాలి. ముగ్గురు మనుషులు, మూడు బకెట్లు, కానీ ధార ఒక్కటే. మొదటి బకెట్ అయిపోకముందే రెండోది అందుకోవాలి, రెండోది అయిపోకముందే మూడోది. మధ్యలో ఒక్క క్షణం తెగినా లెక్కలోకి రాదు. మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి.

"మొదటిది నేను పోస్తాను. నా వెనక అవిటల్, తర్వాత తిర్జా. నేను తల ఊపాకే మొదలుపెట్టండి," అంది ఫ్రీడా.

డాలీ చదవడం ఆపి ఆమె భుజం వైపు చూసింది. ఫ్రీడా ఆ చూపు పట్టించుకోలేదు. మాటిచ్చింది తను. పొయ్యాల్సింది తను.

బకెట్ ఎత్తింది. నీళ్ళు నుదుటి మీదుగా జారాయి. మెడ దాటాయి. భుజంలో ఎవరో సూది గుచ్చి తిప్పుతున్నట్టుంది. సగం బకెట్ ఇంకా ఉండగానే మోచెయ్యి వణకడం మొదలైంది, ధార సన్నబడింది. ఆమె పళ్ళు బిగించింది. తల ఊపాలన్న సంగతి కూడా ఆమెకి తోచలేదు. ఇది తెగితే బెస్సీకి ఇచ్చిన మాట బెస్సీ ముందే తెగుతుంది. అదొక్కటే ఆమె మనసులో ఉంది.

అప్పుడు పక్కనుంచి ఇంకో ధార వచ్చి కలిసింది. అవిటల్ ఆమె సైగ కోసం ఆగలేదు. ఫ్రీడా నీళ్ళు ఇంకా పడుతుండగానే తన నీళ్ళు కలిపేసింది. రెండు ధారలూ కాసేపు కలిసి పారాయి. ఎవరివి ఎక్కడ అయ్యాయో, ఎవరివి ఎక్కడ మొదలయ్యాయో చూసేవాళ్ళకి తెలియదు. ఆ వెనకే తిర్జా అందుకుంది. నీళ్ళు పాదాల దాకా ఒక్క చోట కూడా ఆగకుండా వెళ్ళాయి.

చెప్పకుండా ఎందుకు పోసిందని ఫ్రీడాకి ఒక్క క్షణం కోపం వచ్చింది. యాభై ఏళ్ళ అలవాటు అది. మరుక్షణం ఆ కోపం పోయి, కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ పిల్ల ఆగి ఉంటే ధార తెగేది.

"ఆమె శుద్ధురాలు," అంది ఫ్రీడా. పిల్లలు అదే మాట రెండుసార్లు ఆమెతో కలిసి పలికారు.

తుడిచి, ముడులు లేని తెల్లబట్టలు తొడిగి, యెరూషలేం మట్టి చిటికెడు చల్లి, పెట్టెలో పడుకోబెట్టారు. చివరగా చనిపోయినవాళ్ళని వాళ్ళ హీబ్రూ పేరుతో పిలిచి క్షమాపణ అడగడం ఆనవాయితీ. బెస్సీకి ఆ పేరు బాత్యా. ఫ్రీడా పెట్టె పక్కన నిలబడింది.

"బాత్యా, యాకోవ్ కూతురా, మా వల్ల నీ గౌరవానికి ఏ లోటైనా జరిగితే మమ్మల్ని క్షమించు," అంది. ఆనవాయితీ అక్కడితో సరి. కానీ ఆమె కదల్లేదు. కాసేపాగి గోర్బల్స్ మెట్ల మీద మాట్లాడే గొంతుతో అంది. "నన్ను ఎరిగిన చేతులు కావాలన్నావు బెస్సీ. ఇందులో మూడు జతలు నిన్నెరగవు. వాళ్ళని ఎప్పుడో నీ దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాల్సింది నేను. నీకు పరిచయం చెయ్యలేదు. నన్ను క్షమించవే."

బయటికొచ్చి చేతులు కడుక్కున్నాక రీనా అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. డాలీ కోటు జేబులోంచి చిన్న విస్కీ సీసా తీసి ఒక్కో చుక్క పోసింది.

"తాగండమ్మాయిలూ. ఇది కూడా ఆనవాయితీయే. ఏ పుస్తకంలోనూ లేదనుకోండి."

ఏడుస్తున్న రీనా కూడా నవ్వేసింది. మధ్యాహ్నానికి బెస్సీని మట్టిలో కలిపారు. పార తీసుకుని మట్టి వేసినవాళ్ళలో సూప్ కాసే ఎనిమిది మందీ ఉన్నారు.

తర్వాతి ఆదివారం కార్యవర్గం మళ్ళీ కూర్చుంది. లెస్లీ గొంతు సవరించుకుని నాలుగో విషయం దగ్గరికి వచ్చేసరికి ఫ్రీడా లేచి నిలబడింది. ఆమె పక్కన, పన్నెండో మనిషిగా, అవిటల్ కూర్చుని ఉంది. వచ్చినప్పటినుంచీ అందరూ ఆ పిల్లని ఓరకంట చూస్తూనే ఉన్నారు.

"నేను చెప్పకూడనిది చెప్పబోతున్నాను," అంది ఫ్రీడా. "నేను పవిత్ర సంఘంలో యాభై ఏళ్ళకి పైగా ఉన్నాను. ఇక్కడున్న చాలామంది అమ్మలకి, అక్కలకి ఈ చేతులతోనే చేశాను. లెస్లీ, మీ అమ్మగారికి కూడా."

లెస్లీ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"చేసింది చెప్పుకోవద్దన్నారు పెద్దలు. గొప్పలు పోవద్దని వాళ్ళ ఉద్దేశం. మనం పేరుతోపాటు పనిని కూడా దాచేశాం. పిల్లలు చూడకపోతే ఎలా నేర్చుకుంటారు? చూడనివ్వకుండా, వాళ్ళకి పట్టదని ఇక్కడ కూర్చుని ఏడ్చాం. ఈ పిల్ల మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను ఉత్తరం సంచీలో పడేశాను. శుక్రవారం ఈ పిల్ల లేకపోతే బెస్సీ మూడు రోజులు ఒంటరిగా పడుండేది."

"అందరికీ బాధగానే ఉంది ఫ్రీడా," అన్నాడు లెస్లీ మెత్తగా. "పిల్లల్ని తీసుకోవద్దని ఎవరూ అనడం లేదు. కాకపోతే తొందరెందుకు? ముందు ఉప సంఘం ఒకటి వేద్దాం. మనం ఉన్నన్నాళ్ళు ఉందాం. మన తర్వాత ఎలాగూ వాళ్ళే కదా చూసుకునేది."

"మన తర్వాత కాదు లెస్లీ. అక్కడే మనం పొరబడింది. పవిత్ర సంఘం పెద్దరికం ఇవాల్టినుంచి నాదీ అవిటల్‌దీ. ఇద్దరిదీ. ఈ బల్ల దగ్గర నా కుర్చీ కూడా ఆమెకే ఇస్తున్నాను. నేను ఎక్కడికీ పోవడం లేదు, పక్కనే నిలబడి నాకు తెలిసింది చెబుతాను. తప్పు చేస్తే దిద్దుతాను, నాది తప్పయితే ఆమె నన్ను దిద్దుతుంది."

ఆమె తన కుడి భుజాన్ని ఎడంచేత్తో పట్టుకుంది.

"శుక్రవారం నీళ్ళు పోస్తుంటే నా చెయ్యి పడిపోయింది. నేను అలిసిపోయానని చెప్పేదాకా ఈ పిల్ల ఆగలేదు, నా బకెట్‌లో నీళ్ళు ఇంకా ఉండగానే తనది కలిపింది. అందుకే ధార తెగలేదు. మనది పూర్తిగా ఖాళీ అయ్యాక వాళ్ళ చేతికి బకెట్ ఇస్తే తెగిపోతుంది. మనం ఇంకా పోస్తూ ఉండగానే వాళ్ళు పొయ్యడం మొదలుపెట్టాలి."